హిమబిందు అడిగిన కన్వర్టర్

కూర్మన్నపాలెం నుంచి ఉక్కునగరం సెక్టార్ల దాకా ఏ ఇంట్లోనైనా అడిగి చూడండి. ఆ ఇంట్లో కారు నడిపే ఆడమనిషి ఉంటే, ఆవిడ చేతికి స్టీరింగ్ ఇచ్చింది హిమబిందే అయి ఉంటుంది. షిఫ్టు బస్సులు వెళ్ళిపోయాక సెక్టార్ రోడ్లు ఖాళీగా, చెట్ల నీడతో చల్లగా ఉంటాయి. ఎర్ర ఎల్ బోర్డు పెట్టిన చిన్న కారు ఒకటి ఆ రోడ్ల మీద అదురుతూ, ఆగుతూ, మళ్ళీ అదురుతూ పోతుంటుంది. పక్క సీట్లో హిమబిందు. "కాలు బ్రేకు మీద, కళ్ళు రోడ్డు మీద పెట్టండి. నోరు నాకొదిలెయ్యండి," అంటుంది కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరితో. నర్సులు, టీచర్లు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఆఫీసర్ల భార్యలు, అందరూ ఆ నోటికి భయపడే నేర్చుకున్నారు. ఆ తరవాత ఆవిణ్ణి జన్మలో మరిచిపోలేదు.

అలాంటి మనిషికి తన సొంత కారులో ఏ సామాను వెయ్యాలో చెప్పే అధికారం లేదట. ఆ మాట ఆవిడ మొహాన ఎవరూ అనలేదు, అంత ధైర్యం ఎవరికీ లేదు. అనకుండా చేసి చూపించారు. వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

హిమబిందుది శృంగవరపుకోట పక్కన ఒక పల్లె. తండ్రి ట్రాక్టరు తోలేవాడు. దుక్కి దున్నే రోజుల్లో కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ ఇచ్చేవాడు. చాళ్ళు వంకర పోతే పోనీ అనేవాడే గాని ఆడపిల్లకెందుకు అనేవాడు కాదు. పెళ్ళయి భర్త అశోక్ వెంట విశాఖపట్నం వచ్చింది. అశోక్ ఒక ఆఫీసులో గుమాస్తా, నెమ్మదైన మనిషి. కారు కాస్త గట్టిగా మలుపు తిరిగితే కడుపులో తిప్పుతుంది ఆయనకి. ఆవిడేమో డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకోవడానికి చేరి, అక్కడే నేర్పే పనిలో కుదిరి, ఆఖరికి తన పేరున బోర్డు పెట్టుకుంది.

నేర్పే కార్లు రెండు. అవి కాక మూడోది ఒకటుంది, అది మాత్రం ఎవరికీ ఇవ్వదు. ఆరు సిలిండర్ల పాత జపాన్ సెడాన్, ఆటోమేటిక్. రుషికొండ ఐటీ ఆఫీసులో పనిచేసే ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ అమ్మితే కొనుక్కుంది. కొందరు ఆడవాళ్ళు నగలు చేయించుకున్నట్టు ఈవిడ ఆ కారుకి ఒక్కొక్కటే చేయించుకుంటూ వచ్చింది. ముందు సైలెన్సర్, తరవాత ఇంజిన్‌లో వాల్వులు ఎక్కువ తెరిచి గాలి అందించే క్యామ్, ఆ తరవాత టైర్లు. ఏడాదికోసారి విజయనగరం రోడ్డులో, ఇంకా ఇళ్ళు కట్టని ఒక పెద్ద లేఔట్‌లో, మోటార్ క్లబ్బు వాళ్ళు పర్మిషన్ తీసుకుని పావు మైలు పందెం పెడతారు. తిన్నగా పావు మైలు, పచ్చ లైటు వెలగ్గానే ఎవరు ముందు చేరితే వాళ్ళది గెలుపు. ఆ ఒక్కరోజు కోసం హిమబిందు ఏడాదంతా బతికేది.

పోయినసారి ఏమైందంటే, పచ్చ లైటు వెలిగింది, ఆవిడ ఆక్సిలేటర్ తొక్కింది. ఇంజిన్ ముక్కింది, మూలిగింది, కారు నిద్రలేస్తున్నట్టు కదిలింది. అంతలో పక్క కారు తోక దీపాలు చూపిస్తోంది. సగం దూరం పోయాక ఈవిడ కారు పులిలా పరిగెత్తింది గాని ఏం లాభం? "లేడీస్ కదండీ, స్టార్టింగ్‌లో భయపడతారు," అన్నాడు మైకు పట్టుకున్నవాడు. జనం నవ్వారు. ఆ నవ్వు ఆవిడ చెవుల్లోంచి పోలేదు.

తప్పు ఆవిడ కాలుది కాదు, కన్వర్టర్‌ది. ఆటోమేటిక్ కారులో మనం తొక్కే క్లచ్ ఉండదు. దాని చోట ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య గుమ్మడికాయంత ఇనప డబ్బా ఉంటుంది. లోపల నూనె. ఇంజిన్ ఇటువైపు నూనెని తిప్పితే ఆ నూనె అటువైపు చక్రాన్ని తోస్తుంది. దాన్నే టార్క్ కన్వర్టర్ అంటారు. బ్రేకు మీద కారుని గట్టిగా పట్టి ఆక్సిలేటర్ తొక్కితే ఇంజిన్ ఎంతవరకూ తిరగగలదో, అది ఆ కన్వర్టర్ లెక్క, షాపుల్లో దాన్నే స్టాల్ అంటారు. కంపెనీ వేసిన కన్వర్టర్ ఇంజిన్‌ని నిమిషానికి రెండువేల చుట్ల దగ్గరే పట్టేస్తుంది. ఈవిడ వేయించిన క్యామ్‌కి ఊపిరి అందేదే ఆపైన. అందుకే మొదట్లో ఆ మూలుగు.

కోయంబత్తూరులో ఇలాంటి కన్వర్టర్లు చేసిచ్చే పెద్దాయన నంబరు సంపాదించి ఫోన్ చేసింది. ఆయన తమిళమూ ఇంగ్లీషూ, ఈవిడ తెలుగూ ఇంగ్లీషూ. అయినా ఆ మాటల్లో ఎక్కడా ఏ చిన్నచూపూ గుచ్చుకోలేదు. కారు బరువెంత, ఏ క్యామ్, టైరు ఎంత, రోజూ నడుపుతావా, ట్రాఫిక్‌లో నడుపుతావా, ఘాట్ ఎక్కుతావా అని అడిగాడు. ప్రతిదానికీ జవాబు విని, ఆగి, మళ్ళీ అడిగాడు. పందేనికే అయితే మూడువేల అయిదు వందలది వేసుకో అన్నాడు. హిమబిందు ఆలోచించింది. ఆ కారులోనే సింహాచలం ఘాట్ ఎక్కాలి, ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కోవాలి, ఎండాకాలం కూతుర్ని ట్యూషన్‌కి దింపాలి. అంత పైదాకా వదిలేదైతే నూనె కాగిపోతుంది, గేర్‌బాక్స్ పోతుంది. రెండువేల ఎనిమిది వందలది చాలు, దాంతోపాటు నూనెకి వేరే కూలర్ పెట్టించుకుంటాను అంది. "కరెక్ట్‌మ్మా," అన్నాడు పెద్దాయన. "మొదట్లో వింతగా ఉంటుంది. బ్రేకు వదిలినా కారు తనంతట తాను కదలదు, ఎత్తు మీదైతే అసలు కదలదు. కాస్త తొక్కాలి." సరే అంది. పెళ్ళి చీర ఎంచుకున్న రోజున కూడా ఆవిడ అంత సంతోషపడి ఉండదు.

బిగించే పని మధురవాడలో ఉదయ్‌కుమార్ షాపుకి ఇచ్చింది. ఉదయ్‌కుమార్ కుర్రాడు, మంచి పనితనం ఉన్నవాడే. ఒక్కటే రోగం. ఆ రోజు సెలవని అశోక్ కూడా వెంట వచ్చాడు. ఉదయ్‌కుమార్ ఆయన వంకే చూసి, "సార్, మీది సిటీ డ్రైవింగ్ ఎక్కువా, హైవేనా?" అన్నాడు.

"నాకు స్కూటరే సరిగ్గా రాదు బాబూ," అన్నాడు అశోక్.

ఉదయ్‌కుమార్ నవ్వాడు. నవ్వి, "అయితే స్టాల్ ఎంత పెట్టమంటారు సార్?" అన్నాడు మళ్ళీ ఆయన్నే.

హిమబిందు జవాబు చెప్పింది. అతను తలూపి, ఆ తలూపుడు కూడా అశోక్ వైపే తిప్పాడు. అక్కడే ఆవిడకి మండింది. పని బాగా చేస్తాడు కదా అని దిగమింగింది. ఆడవాళ్ళు రోజుకి ఇలాంటివెన్ని దిగమింగుతారో లెక్కపెడితే ఆ రాత్రికి ఎవరింట్లోనూ అన్నం వండరు.

ఇక్కడ ఇంకో పెద్దమనిషిని చెప్పాలి. హిమబిందు అక్క మొగుడు శ్రీరామ్మూర్తి, పోర్టులో ఉద్యోగం. తండ్రి పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంటికి పెద్దల్లుడే పెద్ద దిక్కు. పిల్లని ఏ స్కూల్లో వెయ్యాలి, ఫ్రిజ్ ఏ కంపెనీది కొనాలి, అన్నీ ఆయన చెవిన పడాలి. చెడ్డవాడు కాడు. పిలవకపోయినా వచ్చి సాయం చేస్తాడు. పిలవకపోయినా వచ్చి నిర్ణయాలూ చేస్తాడు. రివాజు ప్రకారం హిమబిందే ఆయనింటికి వెళ్ళి, "బావా, బండికి కొత్త కన్వర్టర్ ఏయిస్తన్నాను, పందేనికి," అని చెప్పింది. "మంచిదేనమ్మీ, సెయ్యి," అన్నాడు ఆయన. అక్క కాఫీ ఇచ్చింది. అంతా బాగానే ఉంది.

పెద్ద పని చేయించిన బండిని పూజ కాకుండా తోలకూడదన్నది కూడా బావ మాటే. పందెం ఆదివారం. ఆ వారం మొదట్లోనే షాపు డ్రైవర్ పొద్దున్నే కారు తెచ్చి, వీధి చివర అమ్మవారి గుడి ముందు నిలబెట్టి వెళ్ళిపోయాడు. ఆ గుడి కొండవాలులో ఉంటుంది, దాని ముందు రోడ్డు బాగా ఎత్తు. పంతులుగారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి, దండ వేసి, హారతిచ్చారు. శ్రీరామ్మూర్తి గుమ్మడికాయ కొట్టాడు. అశోక్ వంగి నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు.

"మెల్లిగా ముందుకి పోనివ్వమ్మా," అన్నారు పంతులుగారు.

హిమబిందు కిటికీలోంచి తల బయట పెట్టింది. "అందరూ పక్కకుండండి. కొత్తది పడింది. తొక్కితే గాని కదల్దు, తొక్కితే ఒక్క ఊపున కదుల్తాది."

జనం గోడవారకి జరిగారు. ఆవిడ దండం పెట్టుకుని, గేరు వేసి, బ్రేకు మీంచి కాలు తీసింది. ఆక్సిలేటర్ మీద ఇంకా పెట్టనే లేదు. కారు తనంతట తాను, పెంపుడు ఆవులాగా, ఆ ఎత్తు మీదికి మెల్లిగా కదిలింది. టప్, టప్, నాలుగు నిమ్మకాయలూ నలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. "బాగుందమ్మా, ఎంత మెత్తగా పోయిందో!" అన్నారు పంతులుగారు.

కోయంబత్తూరు పెద్దాయన మాట ప్రకారం అది కదలకూడదు. కారు ఆపి, ఎదురుగా ఎవరూ లేరని చూసుకుని, ఎడంకాలితో బ్రేకు బిగబట్టి ఆక్సిలేటర్ తొక్కింది. ఇంజిన్ చుట్లు చూపే ముల్లు లేచి రెండువేల దగ్గర ఆగింది. ఇంకా తొక్కింది. అక్కడే మూలిగింది. పోయినేడాది జనం నవ్వినప్పటి మూలుగే అది.

"అమ్మోరి ముందర ఏటమ్మీ ఆ గోల?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"బావా, ఇది పాతదే."

"కొత్తది కొన్నాళ్ళు అలగే ఉంటాది. నీకింకా అలవాటవనేదు."

అలవాటు లేదట! రోజుకి పది మంది కాళ్ళ కింద పెడళ్ళు ఎలా వణుకుతున్నాయో పక్క సీట్లో కూర్చుని చెప్పే మనిషికి, స్కూటరు తప్ప ఏదీ తోలని ఆయన అలవాటు గురించి చెబుతున్నాడు. ఆవిడ నోరు తెరిచేలోగా, "డ్యూటీకి టైమైపోతంది," అని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

"ఎక్కండి," అంది అశోక్‌తో. ఆయన కొబ్బరిచిప్ప చేతిలో పట్టుకునే ఎక్కాడు.

గాజువాక దాటింది, ఎన్ఏడీ ఫ్లైఓవర్ దాటింది. ఆవిడ మనసులో ఉదయ్‌కుమార్‌ని తిట్టుకుంటోంది. పార్సిల్ మారిపోయి ఉంటుంది, పొరపాటున పాతదే ఎక్కించి ఉంటారు, కుర్రాళ్ళు కదా, అని ఒకపక్క తనే సర్దిచెప్పుకుంటోంది కూడా. ఇసుకతోట దగ్గర సిగ్నల్ పడింది. కారు ఆగాక తట్టింది ఆవిడకి. గుడి దగ్గర్నుంచీ ఇంతదూరం వచ్చారు, ఏమైందని పక్కనున్న మనిషి ఒక్క మాట అడగలేదు. ఎక్కడికని కూడా అడగలేదు.

"మీకు తెలుసు," అంది.

"బిందూ, ముందు రోడ్డు సూడు."

"సిగ్నల్ ఎర్రగా ఉంది. మీకు తెలుసా, నేదా?"

అశోక్ కొబ్బరిచిప్ప వంక చూశాడు. "బావ ఫోన్ చేశాడు, ఆడమనిషికి అంత జోరెందుకన్నాడు. షాపతనితో తను మాట్లాడతానన్నాడు. కొత్తది పక్కన పెట్టీసి, పాతదానికే రంగేసి ఎక్కించమన్నాడు. లోపలిది ఎవలికీ కనపడదు కదా అన్నాడు. ఉదయ్ నన్నడిగాడు. నాను... ఊఁ అన్నాను."

పచ్చ లైటు పడింది. వెనకవాళ్ళు హారన్ కొట్టారు. హిమబిందు కారు పోనిచ్చింది.

"ఎందుకు?"

"పోయినసారి సూశాను కదా, నువ్వెల్లిపోతంటే. కళ్ళు మూసీసుకున్నాను. నీకేటైనా అయితే పిల్లకి నానేటి సెప్పాలి? పందెం అయిపోయాక సెప్పేద్దును, ఒట్టు."

"భయమేస్తే నాకు సెప్పాలి," అంది హిమబిందు. "మెకానిక్‌కి కాదు."

భయం అబద్ధం కాదు, ఆవిడకి తెలుసు. రాత్రిళ్ళు ఆవిడ రావడం ఆలస్యమైతే వీధి చివర నిలబడే మనిషి ఆయన. అయితే మాత్రం? ప్రేమ ఉంటే భార్యకి అబద్ధం బిగించి, పైన నల్లరంగు వేసి, పంతులు చేత హారతి ఇప్పిస్తారా? దాని కింద తనే వంగి నిమ్మకాయలు పెడతాడా? బావ చేశాడంటే పోనీ, ఆయన స్వభావం అంత. శత్రువులు చేసినా సరిపెట్టుకోవచ్చు. పదిహేనేళ్ళు పక్కన పడుకున్న మనిషి చేస్తే ఎక్కడ పెట్టుకోవాలి ఆ మంట?

మధురవాడ షాపులో ఉదయ్‌కుమార్ ఆవిడ దిగే తీరు చూసి రెంచి కింద పెట్టేశాడు.

"నా కన్వర్టర్ ఎక్కడ?"

బుకాయించలేదు. లోపల అరలోంచి అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. పైన హిమబిందు అని ఆవిడ పేరే ఉంది. "సీలు కూడా విప్పలేదు మేడమ్, చాలా జాగ్రత్తగా ఉంచాం," అన్నాడు, అదో ఘనకార్యం అయినట్టు. "ఫ్యామిలీలో పెద్దాయన చెప్పారు. సార్ కూడా సరేనన్నారు. మీ ఇంటి విషయం కదా, మధ్యలో నేనేం అంటాను?"

"బండెవరిది?"

"మీదే మేడమ్."

"పనెవరు సెప్పారు?"

"మీరే."

"మరి?"

ఉదయ్‌కుమార్ అశోక్ వైపు చూశాడు. ఇంత జరిగాక కూడా చూశాడు.

అశోక్ మొహం ఎర్రబడి ఉంది. ఒక అడుగు ముందుకొచ్చాడు. "ఎక్కించీయ్ బాబూ. ఆవిడ అడిగిందే ఎయ్యి. శనివారానికల్లా అయిపోవాల," అన్నాడు. అని భార్య వైపు తిరిగి చూశాడు, చెంపలేసుకుంటున్నట్టు.

ఉదయ్‌కుమార్ మొహంలోకి ప్రాణం వచ్చింది. "అంతే కద్సార్! శుక్రవారానికే ఇచ్చేస్తాం." చెయ్యి ఊపాడు. కుర్రాళ్ళిద్దరు పరుగున వచ్చి కారుని లిఫ్ట్ మీదికి ఎక్కించారు. మీట నొక్కగానే అది పైకి లేచింది. ఒకడు కిందకి దూరి బోల్టు మీద రెంచి పెట్టాడు.

ఆవిడ కోరుకున్నదంతా జరిగిపోతోంది. ఆదివారానికి తను ఎంచుకున్న కన్వర్టర్ తన కారులో ఉంటుంది. పచ్చ లైటు వెలగ్గానే ఎవరి తోక దీపాలూ చూడక్కర్లేదు. మైకువాడి నోరు మూతపడుతుంది. అయినా ఆ లిఫ్ట్ కింద నిలబడి, గుడి దగ్గర రానంత కోపం, ఇసుకతోట సిగ్నల్ దగ్గర రానంత కోపం ఇప్పుడొచ్చింది హిమబిందుకి. తను అడిగింది, చెప్పింది, నిలదీసింది, ఒక్క బోల్టు కదల్లేదు. ఆయన ఒక్క మాట అన్నాడు, కారే పైకి లేచింది.

"దించండి," అంది.

రెంచి పట్టుకున్న కుర్రాడు ఆగిపోయాడు. ఉదయ్‌కుమార్‌కి అర్థం కాలేదు. "మేడమ్, సార్ ఓకే అన్నారు కదా?"

"అన్నారు. అందుకే దించమంతన్నాను."

"శుక్రవారానికి అయిపోద్ది మేడమ్. ఇప్పుడు తీసుకెళ్ళిపోతే ఆదివారానికి ఇంకెక్కడా అవ్వదు."

"తెలుసు. నువ్వు మూసీసి ఇచ్చాక లోపల ఏది పెట్టావో నాకెలా తెలుస్తాది? మళ్ళీ ఎవలు ఫోన్ సేస్తారో, నువ్వెవలికి ఊఁ అంటావో. దించు."

కారు దిగింది. ఆవిడ అట్టపెట్టె రెండు చేతులా ఎత్తుకుంది. అశోక్ సాయం పట్టబోతే మోచేత్తో తోసేసింది. ముందు సీట్లో, డ్రైవరు పక్కన, ఆ పెట్టె పెట్టి దానికి సీటు బెల్టు బిగించింది. అశోక్ ఒక నిమిషం రోడ్డు మీద నిలబడి, తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.

కారు కొమ్మాది చేరింది. ఆవిడ వెళ్ళేది ఇంటివైపు కాదని అప్పటికి గమనించాడాయన. విజయనగరం రోడ్డు అది.

"ఎక్కడికి బిందూ?"

"క్లబ్బోళ్ళ ఆఫీసుకి. నా పేరు ఖాయం సెయ్యడానికి."

"ఈ పాతదాంతోనా? ఓడిపోతావే?"

"ఓడిపోతాను. మూలుగుతాది, ఆగుతాది, అందరూ నవ్వుతారు. నవ్వనీండి. ఆ మైకోడు మళ్ళీ లేడీస్ భయపడతారంటాడు కదా? అప్పుడా మైకు నాను తీసుకుంటాను. భయపడ్డది ఎవలో, బండికి రంగేయించింది ఎవలో పేరు పేరునా సెప్తాను."

అశోక్ వెనక సీట్లోంచి ముందుకి వంగాడు. నెమ్మదిగా అడిగాడు, "బావ పేరు కూడానా?"

"బావది తరవాత," అంది హిమబిందు, అద్దంలో ఆయన కళ్ళలోకి చూస్తూ. "ముందు మీదే."